ఉల్లి మగ్గేంత ఓపిక

వంటల వీడియోల్లో ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగిపోతాయి. మన పొయ్యి మీద మాత్రం వేగవు. వారపత్రికల వంటల పేజీల్లోనూ ఇదే తీరు. ‘ఉల్లిపాయ ముక్కలు వేసి బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి’ అని ఒక వాక్యం ఉంటుంది, ఆ వెంటనే అల్లం వెల్లుల్లి ముద్ద వచ్చేస్తుంది. ఆ ఒక్క వాక్యంలో నిజానికి పావుగంట నుంచి అరగంట దాకా పని ఉంది. కొత్తగా గరిటె పట్టిన పిల్ల గానీ పిల్లాడు గానీ ఐదు నిమిషాలు చూస్తారు. ముక్కలు ఇంకా తెల్లగానే కనిపిస్తే మంట పెంచుతారు. అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది, కూర చేదెక్కుతుంది. ‘నాకు వంట రాదు’ అనే నిర్ణయానికి చాలామంది వచ్చేది ఇక్కడే. ఆ పనికి ఎంతసేపు పడుతుందో వాళ్లకు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పలేదు.

చెప్పాల్సిన అవసరం ఉంది. కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, సీమలో ఎర్రగడ్డ, ఏ పేరుతో పిలిచినా మన రోజువారీ వంటలో సగానికి సగం దానితోనే మొదలవుతుంది. కోడిగుడ్డు పులుసు, టమాటా కూర, కోడికూర, ఆదివారం బగారా అన్నం, కర్నూలు, అనంతపురం ఇళ్లలో పొద్దుటిపూట ఉగ్గాని, గుత్తి వంకాయలో కూరే ఉల్లికారం, వీటన్నిటిలోనూ పోపు చిటపటలాడాక పడేది ఉల్లే. దాన్ని సరిగ్గా మగ్గించడం, అవసరమైనచోట ఎర్రగా వేయించడం వచ్చిన మనిషికి ఇంట్లో కూర వండటం భయపడే పని కాదు. మిగతా నేర్పంతా దాని మీద నిదానంగా పేరుకుంటుంది.

మూకుట్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది. ఉల్లిపాయలో 85 శాతానికి పైగా నీరే. ఆ నీరు ఆవిరై పోనంతవరకు ముక్కల వేడి నీళ్లు మరిగే 100 డిగ్రీలను పెద్దగా దాటదు. రంగు మారడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. కాబట్టి మొదటి పది పన్నెండు నిమిషాలు మనం వేయిస్తున్నామని అనుకుంటాం గానీ, అప్పుడు జరిగేది నీరు ఇంకడమే. ముందే కాస్త ఉప్పు చల్లితే ఆ నీరు తొందరగా బయటికొస్తుంది. ఈ దశను కంటితో కంటే చెవితో పట్టుకోవడం తేలిక. నీరున్నంతసేపు బాండీలోంచి తడి చప్పుడు, బుసబుస వస్తుంది. నీరు అయిపోగానే ఆ చప్పుడు పలచబడి, నూనెలో సన్నటి చిటపట మొదలవుతుంది. వంటింట్లో ఏళ్లు గడిపిన ఆడవాళ్లు పక్కగదిలో ఉండి కూడా ‘ఒకసారి కలుపు, అడుగంటుతోంది’ అని కేక వేయగలగడం ఈ చప్పుడు తెలిసే.

ఆ తర్వాతే అసలు రుచి. ఉల్లిలో చక్కెరలు తక్కువేం కాదు, పచ్చిగా ఉన్నప్పుడు ఘాటు వాటిని పైకి రానివ్వదు. వేడికి ఘాటు విరిగి తియ్యదనం తేలుతుంది. మరికాస్త వేడెక్కితే ఆ చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగును, కొత్త వాసనలను పుట్టిస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించిన చర్య ఇది. దోసె ఎర్రగా కాలినప్పుడు వచ్చే కమ్మదనానికి కారణం కూడా ఇదే. ఇది తొందరపెడితే జరిగేది కాదు. పెద్దమంట మీద పైపొర నల్లబడుతుంది తప్ప ముక్క లోపలి తీపి బయటికి రాదు. రంగు త్వరగా రావాలని కొందరు చిటికెడు పంచదార వేస్తారు, కొందరు వంటసోడా వేస్తారు. పంచదారతో రంగు వస్తుంది, వాసన రాదు. సోడా ముక్కను జావ చేస్తుంది. ఇంటి వంటకు ఈ రెండూ అక్కర్లేదు.

కోసేటప్పుడు కళ్లు మండటం చాలామందిని దూరం పెట్టే మరో కారణం. ఉల్లి కణాలు తెగగానే, అంతవరకు విడివిడిగా ఉన్న ఎంజైములు, గంధక పదార్థాలు కలిసి, కంటికి తగిలే ఆవిరిని పుట్టిస్తాయి. కన్నీళ్లు తెప్పించడానికే ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు. కోసేముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పదునైన కత్తితో కోస్తే మంట చాలావరకు తగ్గుతుంది. మొద్దుకత్తి కణాలను కోయదు, చితకకొడుతుంది. మిక్సీ కూడా అదే పని చేస్తుంది. పచ్చి ఉల్లిని మిక్సీలో మెత్తగా తిప్పితే ముద్ద చేదుగా మారడం చాలామందికి అనుభవమే. ఉల్లికారాన్ని రోట్లో కచ్చాపచ్చాగానే దంచమని, దంచాక నూనెలో బాగా వేయించమని పెద్దలు చెప్పడంలో అర్థముంది. గ్రేవీకి మెత్తటి ముద్దే కావాలంటే ముందు మగ్గించి, చల్లార్చి, ఆ తర్వాత తిప్పుకోవచ్చు.

ఎక్కడ ఆపాలన్నది రెండో పాఠం. ఉల్లికి ఒకే గమ్యం లేదు. పులుసుకైతే ముక్క అద్దంలా మెరిసి, అంచులు కాస్త పసుపు తిరిగితే చాలు. అక్కడ ఉల్లి తన మెత్తదనంతో, తీపితో చింతపండు పులుపుకు తోడు నిలవాలి. ఎర్రగా వేగితే పులుసు రంగే కాదు, రుచి కూడా మసాలా వైపు మళ్లుతుంది. కోడికూరకూ మాంసానికీ గోధుమ రంగు దాకా రావాలి, లేకపోతే కూరంతా ఉడికాక కూడా పచ్చివాసన మిగులుతుంది. బిర్యానీ మీద చల్లే బరిస్తాకు నిలువుగా సన్నగా తరిగి, ఎక్కువ నూనెలో కరకరలాడేలా వేయించాలి, కోరుకున్న రంగుకు ఒక అడుగు ముందే తీసేయాలి, ఎందుకంటే జాలీలోకి తీశాక కూడా లోపలి వేడికి రంగు పెరుగుతూనే ఉంటుంది. ఉగ్గానికి కాసేపు మెత్తబడితే సరిపోతుంది. పెసరట్టు మీద, జొన్నరొట్టె పక్కన, మజ్జిగ పోసిన చద్దన్నంలో పచ్చిదే ఉండాలి. ఒకే పాయ ఇన్ని రకాలుగా మారగలగడం వల్లే నేర్చుకునేవాళ్లు తికమకపడతారు. ‘ఏ కూరకు ఏ రంగు’ అన్నది ఇంట్లో ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి. పుస్తకంలో రంగుల పేర్లు ఉంటాయి గానీ, ఆ రంగు మన ఇంటి ట్యూబ్‌లైట్ కింద ఎలా కనిపిస్తుందో ఉండదు.

పులుపు ఎప్పుడు పోయాలన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. ఉల్లి పూర్తిగా మగ్గకముందే టమాటా గానీ చింతపండు రసం గానీ పడితే, ఆ ముక్క ఎంతసేపు ఉడికినా పంటికింద గట్టిగానే తగులుతుంది. కూరగాయ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. కందిపప్పు ఉడికాకే చింతపండు వేయమనే మాట వెనక ఉన్నదీ ఇదే సంగతి. టమాటా కూర ఇంట్లో ఒకలా, హాస్టల్ గదిలో మరొకలా రావడానికి చాలాసార్లు ఈ ఒక్క తొందరే కారణం.

ఇక అసలు చెప్పదలచుకున్నది. ఉల్లి వేయించడం నిదానమైన పని. కూర వండటంలో మిగతాదంతా చాలావరకు వేగంగా అయ్యే పని. ఈ రెండింటినీ ఒకే సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చిన అలసట మీద, ఆకలితో ఉన్న పిల్లల మధ్య చేయాల్సి రావడం వల్ల వంట బరువవుతుంది. వాటిని విడదీయవచ్చు. సెలవురోజు పొద్దున ఒక కిలో ఉల్లిపాయలు ఒకేసారి వేయించి పెట్టుకుంటే, వారంలో ఐదారు కూరలకు ఆ అరగంట ముందే అయిపోయినట్టు.

హోటళ్లు చేసేది ఇదే. పొద్దున్నే పెద్ద గిన్నెల్లో ఉల్లి వేయించి, టమాటా, మసాలా కలిపి గ్రేవీ సిద్ధం చేసుకుంటారు. మనం ఆర్డరిచ్చిన పది నిమిషాల్లో పనీరు కూరైనా, మష్రూమ్ కూరైనా, గుడ్డు కూరైనా బల్లమీదికి రావడం దానివల్లే. ఆ పద్ధతిలోని తెలివిని ఇంటికి తెచ్చుకోవచ్చు, అందులోని లోటును మాత్రం తెచ్చుకోకూడదు. హోటల్లో ఏ కూర తిన్నా ఒకే రుచి అనిపించడానికి కారణం ఆ మూలంలోనే గరం మసాలా, కారం, టమాటా అన్నీ ముందే కలిసిపోయి ఉండటం. ఇంట్లో నిల్వ పెట్టుకునే ఉల్లిలో ఉల్లి, నూనె, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండకూడదని ఈ రచయిత గట్టి అభిప్రాయం. అల్లం వెల్లుల్లి కూడా వద్దు. అప్పుడే అది సోమవారం పులుసు వైపు, బుధవారం శనగల కూర వైపు, శుక్రవారం పులావు వైపు వెళ్లగలదు. ఒకసారి మసాలా పడ్డాక దానికి ఇంక ఒకే దారి.

ఇలా ముందుగా చేసి పెట్టుకోవడం మన ఇళ్లకు కొత్తేం కాదు. పులిహోర కోసం చింతపండు పులుసును చిక్కగా కాచి నూనె తేలేలా దించి సీసాకెత్తుకుంటాం. గోంగూరను వేయించి జాడీలో పెట్టుకుంటాం. కందిపొడి, కారప్పొడి, కొబ్బరిపొడి డబ్బాలు లేని వంటిల్లు తక్కువ. ఎండాకాలంలో మినప్పిండిలో ఉల్లి కలిపి వడియాలు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. పని ఒకరోజు, భోజనం పదిరోజులు అన్న లెక్క మన నాయనమ్మలకు బాగా తెలుసు. ఉల్లి ఆ జాబితాలోకి రాకపోవడానికి కారణం అది తడి పదార్థం కావడం, వండింది రాత్రి దాటితే చద్ది అని అనుకోవడం. ఆ జాగ్రత్త ఆ రోజుల్లో సరైనదే. ఇవాళ ఫ్రిజ్ ఉంది. నీరంతా పోయేలా వేయించి, పూర్తిగా చల్లారాక పొడి డబ్బాలో పెట్టి, తడి చెంచా తగలనివ్వకపోతే నాలుగైదు రోజులు బాగుంటుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ఆ బిళ్లల్ని సంచిలో వేసి ఫ్రీజర్లో ఉంచితే రెండు నెలలైనా పాడవదు. ‘ఫ్రిజ్‌లో పెట్టిన కూర నేను తినను’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ల మాటను గౌరవించాలి. వాళ్లకు పెట్టేది అప్పుడే వండిన కూరే. నిల్వ ఉన్నది దానికి ముందరి మెట్టు మాత్రమే.

పద్ధతి ఇది. కిలో అంటే మామూలు సైజువి పది పన్నెండు పాయలు. కూరకు రెండు చొప్పున ఐదారు కూరలకు వస్తాయి. అన్నీ ఒకే మందంలో తరగాలి, కొన్ని సన్నగా కొన్ని లావుగా ఉంటే సన్నవి మాడేసరికి లావువి మగ్గవు. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న బాండీ ఎంచుకోవాలి. ఇరుకు గిన్నెలో ముక్కలు తమ ఆవిరిలోనే ఉడికిపోతాయి. చిన్న టీ గ్లాసుడు నూనె, అర చెంచా ఉప్పు. మొదట పదినిమిషాలు మూతపెట్టి మధ్యస్థమైన మంట మీద మగ్గనివ్వాలి. తర్వాత మూత తీసి, నీరంతా పోయేదాకా అప్పుడప్పుడు కలపాలి. చిటపట మొదలయ్యాక సెగ తగ్గించి, ఇక పొయ్యి దగ్గరే ఉండాలి. అడుగున గోధుమరంగు మరక పట్టితే కంగారు వద్దు. రెండు చెంచాల నీళ్లు చల్లి అట్లకాడతో గీకితే ఆ మరకే కరిగి ముక్కలకు రంగునిస్తుంది. మొత్తం ముప్పావు గంట. లేత గోధుమ రంగు దగ్గర సగం తీసి పక్కన పెట్టుకుని, మిగతా సగం ఇంకో ఐదారు నిమిషాలు ఎర్రగా వేయిస్తే రెండు రకాల కూరలకూ సిద్ధంగా ఉంటుంది. బాండీ నిండా మొదలైంది చివరికి చిన్న స్టీలు డబ్బాలోకి సర్దుకుంటుంది, బరువులో పావు వంతుకు కాస్త ఎక్కువ.

కిలో ఒకేసారి కొనడమంటే ధర గుర్తొస్తుంది. ధర విషయంలో ఉల్లికీ మనకూ ఉన్న బంధం వింతైనది. పెరిగినప్పుడు అది రాజకీయమవుతుంది. 1998లో ఢిల్లీ ఎన్నికల్లో ఉల్లి ధర పెద్ద అంశమైన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2023 డిసెంబరులో కేంద్రం ఎగుమతులను పూర్తిగా నిషేధించి, 2024 మేలో ఎత్తేసింది. ధర పడిపోయినప్పుడు మాత్రం ఆ బాధ పొలంలోనే ఉండిపోతుంది. 2025 ఖరీఫ్‌లో కర్నూలు మార్కెట్ యార్డులో అదే జరిగింది. ధర ఎంతగా పడిందంటే, రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 1,200 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించి కొనాల్సి వచ్చింది, తర్వాత హెక్టారుకు 50 వేల రూపాయల సాయమూ ప్రకటించింది. నాలుగైదు నెలలు పెంచిన పంటకు కిలోకు 12 రూపాయలు రావడమే ఊరట అయిన పరిస్థితి అది.

దీని మూలం ఉల్లి స్వభావంలోనే ఉంది. దేశంలో పండే ఉల్లిలో ఎక్కువ భాగం రబీది, వేసవిలో చేతికొస్తుంది, గాలి తగిలేలా నిల్వ చేస్తే నెలల తరబడి ఆగుతుంది. మహారాష్ట్రలో లాసల్‌గావ్ చుట్టుపక్కల రైతులు అలా నిల్వ చేసి మెల్లగా అమ్ముకోగలుగుతారు. కర్నూలు ఖరీఫ్ పంట వానల్లో వస్తుంది, నీరెక్కువ, తొక్క పలచన, ఆగదు. తవ్విన వెంటనే అమ్ముకోవాలి. అందరిదీ ఒకేసారి యార్డుకు చేరుతుంది. గుజరాత్‌లోని మహువాలో ఉల్లిని ఎండబెట్టి రేకులుగా, పొడిగా మార్చే పరిశ్రమ పెద్దగా ఎదిగింది. అలాంటిది కర్నూలు దగ్గర బలంగా నిలబడితే ధర పడిన వారాల్లో రైతుకు ఇంకో తలుపు ఉంటుంది. ఇంట్లో మనం కిలో వేయించి పెట్టుకోవడం రైతు కష్టాన్ని తీర్చదు, అలా చెప్పడం తప్పు. కానీ సెప్టెంబరులో ఊళ్లోకి కర్నూలు ఉల్లి చవగ్గా వచ్చినప్పుడు, అది నిల్వ ఉండదని తెలిసిన గృహిణి ‘రెండు రోజుల్లో మొలకెత్తుతుంది, మెత్తబడుతుంది’ అని అరకిలోతో ఆగిపోతుంది. వేయించి పెట్టుకునే అలవాటున్న ఇల్లు మూడు కిలోలు కొంటుంది. మెత్తబడటం మొదలైన పాయలు చెత్తబుట్టకు బదులు బాండీలోకి వెళ్తాయి.

డబ్బా ఫ్రిజ్‌లో ఉన్నాక సాయంత్రం ఎలా మారుతుందో చూడండి. మూకుట్లో చెంచా నూనె, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, రెండు పెద్ద చెంచాల వేగిన ఉల్లి. అది వేడెక్కేలోపు టమాటాలు తరగడం అవుతుంది. పసుపు, కారం, ఉప్పు, ఉడికించిన గుడ్లు వేస్తే గుడ్డు కూర. గుడ్లకు బదులు నానబెట్టి ఉడికించిన శనగలు, అలసందలు, బఠాణీలు, ఏవైనా సరే. చింతపండు రసం, బెల్లం ముక్క, బెండకాయలు పడితే పులుసు. ఉడికిన పప్పులో కలిపితే సాదా పప్పుకే ఒక నిండుదనం వస్తుంది. పెరుగు చిలికి, పసుపు పోపు పెట్టి, అందులో చెంచాడు ఎర్రగా వేగిన ఉల్లి కలిపినా అన్నంలోకి బాగుంటుంది. బియ్యం, లవంగం, చెక్క, పుదీనాతో కలిపి కుక్కర్లో పెడితే బగారా అన్నానికి దగ్గరగా వస్తుంది. ఏ ఒక్కటీ పావుగంట దాటదు.

అన్నింటికీ ఇదే వాడమని కాదు. దొండకాయ వేపుడులో, బీరకాయ పెసరపప్పులో, నెయ్యి వేసుకు తినే ముద్దపప్పులో ఉల్లి లేకపోవడమే అందం. చేపల పులుసుకు అప్పటికప్పుడు వేయించిన ఉల్లే బాగుంటుందని వాదించేవాళ్లతో ఈ రచయితకు పేచీ లేదు. ఉప్మాలోనూ తాజాగా కోసిందే నయం.

ఉల్లి తినని ఇళ్లున్నాయి. కొన్ని సంప్రదాయాల్లో ఏడాది పొడవునా, చాలా ఇళ్లలో కార్తీకమాసంలో. ఆ ఇళ్ల వంట ఏ విధంగానూ తక్కువది కాదు. నిజానికి మూలాన్ని ముందే సిద్ధం చేసుకోవడంలో వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ. అల్లం, పచ్చిమిర్చి ముద్ద, వేయించిన నువ్వుల పొడి, పచ్చికొబ్బరి, నూరిన ఆవపిండి, ఇంగువ, వీటితో అరటికాయ ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, పనసపొట్టు కూర వండిన చేతులకు ఉల్లి లేని లోటు తెలియనే తెలియదు. ఏ ఇంటికి ఏది మూలమైనా, దాన్ని తీరిక ఉన్నప్పుడు చేసి పెట్టుకుంటే తీరిక లేనప్పుడు ఆదుకుంటుంది.

తీరిక ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఏ రోజైనా జీతం లేని ఇంటిపనిలో చేయి పెట్టిన మగవాళ్లు 26 శాతం, ఆడవాళ్లు 81 శాతం. చేయి పెట్టినవాళ్లలోనూ మగవాళ్లు రోజుకు 97 నిమిషాలు, ఆడవాళ్లు 299 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు. అందులో పొయ్యి దగ్గర గడిచే భాగం ఎంతో చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేసి వచ్చిన స్త్రీ కూడా ఆ ఐదు గంటల్లో పెద్ద భాగం మోస్తూనే ఉంది. ఆమె ఊరెళ్లిన రోజున ఇంట్లో మిగిలినవాళ్లు ఫోన్ తీసి భోజనం ఆర్డరిస్తారు. ‘అబ్బాయికి పాపం ఏమీ రాదు’ అని ఇంట్లో పెద్దవాళ్లు మురిపెంగా చెప్పుకునే మాట, ఆ అబ్బాయి భార్య మీద జీవితాంతం పడే బరువని గుర్తించాలి.

వేయించిన ఉల్లి డబ్బాకు ఇక్కడొక గుణం ఉంది. అది పనిని పంచుకోవడానికి వీలిస్తుంది. కూర మొత్తం నేర్పాలంటే ఎవరికీ సమయం ఉండదు, నేర్చుకోవడానికి ధైర్యమూ ఉండదు. ఉల్లి వేయించడం ఒక్కటే ఆదివారం పని అయితే, అది పదమూడేళ్ల పిల్లాడికి అప్పగించవచ్చు, క్రికెట్ చూస్తూ భర్త చేయవచ్చు, మోకాళ్లనొప్పితో ఎక్కువసేపు నిలబడలేని మామగారు కుర్చీ వేసుకుని తరిగి పెట్టవచ్చు. వారంలో ఎవరు ముందు ఇంటికి వస్తే వాళ్లు మిగతా పావుగంట పని పూర్తిచేయవచ్చు. వంట ఒకరి ఒంటరి పనిగా ఉండాల్సిన అవసరం అప్పుడు తగ్గుతుంది.

అమెరికాలో చదువుకుంటూ నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే మన పిల్లలు ఈ పని ఇప్పటికే చాలావరకు కనిపెట్టుకున్నారు. వంతులు వేసుకుని వండుకుంటారు. అక్కడ దొరికే పసుపు తొక్క ఉల్లిపాయ మన దానికంటే చాలా పెద్దది, వేగడానికి ఇంకాస్త సమయం తీసుకుంటుంది. కరెంటు పొయ్యి నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారుతుంది. పొగ వస్తే గదిలో అలారం మోగుతుంది కాబట్టి పెద్దమంట మీద తొందరపడే వీలూ లేదు. ఆ పరిమితులే వాళ్లకు సన్నసెగ మీద ఉల్లి మగ్గించడం నేర్పాయి. అలా నేర్చుకున్న అబ్బాయిలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లను వంటింట్లోకి రానివ్వాలి. ‘నువ్వెందుకురా, కూర్చో’ అని గరిటె లాక్కునే తల్లుల ప్రేమ అర్థమవుతుంది గానీ, వాడు వండింది తినడం కూడా ప్రేమే.

వచ్చే వేసవి సెలవుల్లో ఇంట్లో టెన్త్ పూర్తయిన పిల్లలుంటే, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, వాళ్లకు నాలుగు ఆదివారాలు ఈ పని అప్పగించి చూడవచ్చు. మొదటివారం సగం మాడుతుంది. మాడిన ముక్కలు ఏరి పారేసి, మిగతాది వాడుకోవచ్చు, ఏమీ అనక్కర్లేదు. రెండోవారానికి చప్పుడు వినడం తెలుస్తుంది. తరగడంలో వేలు జాగ్రత్త గురించి, కత్తి పట్టుకునే తీరు గురించి పక్కనుండి చెప్పాలి, అది మాత్రం వీడియోకు వదిలేయకూడదు. మొదటి కూరగా గుడ్డు కూర మంచిది, తప్పు జరగడానికి అందులో చోటు తక్కువ. పులుసు ఆ తర్వాత, ఉప్పు, పులుపు, తీపి మూడింటినీ నాలుక గుర్తుపట్టగలిగాక. కోడికూర అన్నిటికంటే చివర, ఎందుకంటే అక్కడ ఉల్లి ఎర్రగా వేగేదాకా ఆగాలి, ఆ పావుగంట ఆగడం పదిహేనేళ్ల వయసులో కష్టమే. పక్కన పెద్దవాళ్లు ఎవరైనా స్టూలు వేసుకుని కూర్చుంటే ఆగుతారు.